అయిదుకు అయిదు సరిపోయాక శక్తి ఎక్కడిది?

ఇంటర్ భౌతికశాస్త్రంలో కేంద్రక సంలీనం పాఠం తీస్తే ఇలాంటి సమీకరణం ఒకటి ఎదురవుతుంది:

డ్యుటీరియం-2 + ట్రిటియం-3 → హీలియం-4 + న్యూట్రాన్-1 + 17.6 ఎంఈవీ

ఎడమ పక్క 2, 3 కలిపితే 5. కుడి పక్క 4, 1 కలిపినా 5. మాస్టారు బోర్డు మీద రెండు వైపులా 5 వేసి, కింద గీత గీసి, సమీకరణం తుల్యమైందంటారు. ఆ వెంటనే, ఈ చర్యలో ద్రవ్యరాశి కొంత తగ్గి శక్తిగా బయటికొస్తుందని చెబుతారు. శ్రద్ధగా వినే పిల్ల ఇక్కడ చెయ్యెత్తాలి. ద్రవ్యరాశి సంఖ్యలు రెండు వైపులా సమానమైనప్పుడు తగ్గిన ద్రవ్యరాశి ఎక్కడిది? నిజంగా తగ్గి ఉంటే అయిదుకు అయిదు ఎలా సరిపోయింది?

ఈ అనుమానం అడక్కుండానే చాలామంది మార్కులు తెచ్చుకుని గట్టెక్కుతారు. జవాబు చిన్నదే. కానీ దాన్ని పట్టుకుని వెళితే సూర్యుడి లోపలికీ, పసిఫిక్ సముద్రంలో అంచనా తప్పిన ఒక బాంబు దగ్గరికీ కూడా వెళ్లవచ్చు.

ద్రవ్యరాశి సంఖ్య తూకం కాదు, లెక్క. కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లున్నాయి, ఎన్ని న్యూట్రాన్లున్నాయి అని లెక్కపెట్టి కూడితే వచ్చే సంఖ్య. పుస్తకాల్లో మూలకం గుర్తుకు ఎడమ పక్కన పైన రాసేది ఇదే. దాని కింద రాసేది పరమాణు సంఖ్య. అది ప్రోటాన్లను మాత్రమే లెక్కిస్తుంది. పై అంకెలోంచి కింది అంకె తీసేస్తే న్యూట్రాన్లు తేలతాయి. అర ప్రోటాన్, ముప్పావు న్యూట్రాన్ విడిగా దొరకవు కాబట్టి ఇవి ఎప్పుడూ పూర్ణాంకాలే.

హైడ్రోజన్‌నే చూడండి. దాని కేంద్రకంలో ప్రోటాన్ ఒక్కటే ఉంటే మామూలు హైడ్రోజన్, ద్రవ్యరాశి సంఖ్య 1. ఒక న్యూట్రాన్ తోడైతే డ్యుటీరియం, 2. రెండు న్యూట్రాన్లు తోడైతే ట్రిటియం, 3. ప్రోటాన్ ఒకటే గనక మూడూ హైడ్రోజన్లే. ట్రిటియానికి నిలకడ లేదు, సుమారు 12.3 ఏళ్లలో సగం తరిగిపోతుంది. డ్యుటీరియం నిలకడైనది, పైగా మన చుట్టూనే ఉంది. నీళ్లలో దాదాపు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం. మణుగూరు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న భారజల కర్మాగారం పనల్లా ఆ ఒక్కదాన్ని ఏరి పోగు చేయడమే. అక్కడి భారజలం వెళ్లేది సంలీనానికి కాదు, యురేనియాన్ని చీల్చే రియాక్టర్లకు. అయినా పై అంకె 1 ఉన్నచోట 2 ఉండటం కోసం ఒక కర్మాగారం నిలబడిందంటే, ఆ అంకె కాగితానికే పరిమితమైనది కాదని తెలుస్తుంది.

ఇప్పుడు తూకం సంగతి. పరమాణువులను తూచడానికి కార్బన్-12 పరమాణువు బరువు కచ్చితంగా 12 ప్రమాణాలని శాస్త్రవేత్తలు ఒప్పందం చేసుకున్నారు. ఆ లెక్కన డ్యుటీరియం 2.014102 తూగుతుంది. ట్రిటియం 3.016049. రెండూ కలిపి 5.030151. అవతలి వైపు హీలియం-4 బరువు 4.002602, న్యూట్రాన్ బరువు 1.008665, మొత్తం 5.011267. తేడా 0.018884. ఒక ప్రమాణం ద్రవ్యరాశి మొత్తం శక్తిగా మారితే ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం 931.5 ఎంఈవీ వస్తుంది. దాన్ని ఈ తేడాతో గుణించండి. సమీకరణం చివర రాసిన 17.6 అదే.

కోనసీమలో కొబ్బరికాయలు లెక్కన అమ్ముతారు. రాశి పోసిన వెయ్యి కాయలు ఎండేకొద్దీ తూకానికి తగ్గుతాయి, లెక్కపెడితే మాత్రం వెయ్యే. మన సమీకరణంలోనూ అంతే. అయిదు కణాలు వెళ్లాయి, అయిదు కణాలూ వచ్చాయి, తూకం తగ్గింది. పోలిక ఇంతవరకే పనికొస్తుంది. కాయలోంచి పోయింది నీరు, కేంద్రకంలోంచి పోయింది శక్తి.

"పదార్థం మాయమై శక్తిగా మారింది" అని పత్రికల్లో రాస్తుంటారు. నాకు ఆ వాక్యం నచ్చదు. అది చదివినవాళ్లు ఏదో ఒక న్యూట్రాన్ కాలి బూడిదైందనుకుంటారు. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తితో చిన్న ఇంధన గుళికను నొక్కితే 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తి వచ్చింది. దానికోసం తరిగిన ద్రవ్యరాశి సుమారు 35 నానోగ్రాములు. ఆ చర్యల్లో ఒక్క ప్రోటాన్ గానీ, ఒక్క న్యూట్రాన్ గానీ లెక్క తప్పలేదు.

మరి బరువు ఎక్కడ తగ్గింది? కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే తీరులో తగ్గింది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు బలమైన కేంద్రక బలంతో దగ్గరికి లాక్కున్నప్పుడు కొంత శక్తి బయటికి పోతుంది. పోయిన శక్తికి సరిపడా బరువు తగ్గుతుంది. దాన్నే బంధన శక్తి అంటారు. ఈ మాట దగ్గర చాలామంది తికమకపడతారు. బంధన శక్తి కేంద్రకం లోపల దాచుకున్న నిల్వ కాదు. కేంద్రకం ఏర్పడేటప్పుడు బయటికి వెళ్లిపోయిన మొత్తం. కేంద్రకాన్ని మళ్లీ విడివిడి కణాలుగా ఊడదీయాలంటే మనం తిరిగి చెల్లించాల్సింది అదే. డ్యుటీరియానికి అది 2.22 ఎంఈవీ, ట్రిటియానికి 8.48, హీలియం-4కి 28.30. చివరిదాంట్లోంచి మొదటి రెండూ తీసేయండి. మళ్లీ 17.6 వచ్చింది చూశారా? తూచి లెక్కకట్టినా, ఊడదీసే ఖర్చు లెక్కకట్టినా ఒకే చోటికి చేరాం. హీలియం-4లో కణాలు అంత బిగువుగా ఉండటమే ఈ లాభానికి మూలం.

ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. మణుగూరులోనే సింగరేణి గనులూ ఉన్నాయి. అక్కడి బొగ్గు మండితే ఒక్కో కార్బన్ పరమాణువు ఇచ్చేది నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు, అంతే. ఇక్కడ ఒక్క చర్యకు కోటీ 76 లక్షలు. బొగ్గు మండినప్పుడూ బరువు తగ్గుతుంది, కానీ ఏ త్రాసుకూ అందనంత తక్కువ. కేంద్రకాల విషయంలో తేడా మూడో దశాంశ స్థానంలోనో రెండో స్థానంలోనో కనిపిస్తుంది కాబట్టి దాన్ని కొలవగలిగాం.

ఆ 17.6 ఎంఈవీని ఎవరు పట్టుకెళతారు? ద్రవ్యరాశి సంఖ్యలే దీనికి ఉజ్జాయింపు జవాబు చెబుతాయి. హీలియం, న్యూట్రాన్ ఎదురెదురు దిశల్లో సమానమైన ద్రవ్యవేగంతో విడిపోతాయి. అలాంటప్పుడు తేలికైన దానికే ఎక్కువ శక్తి దక్కుతుంది. బరువులు 4, 1 నిష్పత్తిలో ఉంటే శక్తి తిరగబడి 1, 4 నిష్పత్తిలో పంచుకుంటాయి. 17.6ను అయిదు వాటాలు చేయండి. నాలుగు వాటాలు, అంటే 14.1 ఎంఈవీ న్యూట్రాన్‌కి. ఒక వాటా, 3.5 ఎంఈవీ హీలియానికి. సంలీన రియాక్టర్ కట్టే ఇంజనీర్ల తలనొప్పి అంతా ఈ పంపకంలోనే ఉంది. అయస్కాంత క్షేత్రం హీలియాన్ని పట్టి ఉంచగలదు, దాని శక్తితో ఇంధనం వేడిగా ఉంటుంది. విద్యుదావేశం లేని న్యూట్రాన్ మాత్రం దేనికీ లొంగకుండా దూసుకెళ్లి గోడను కొడుతుంది. తూకంగా వాడితే తప్పుదోవ పట్టించే సంఖ్యే ఇలాంటి చోట చక్కగా పనికొస్తుంది. శక్తి ఎంత పుట్టిందో అది చెప్పలేదు, పుట్టిన శక్తి పంపకం మాత్రం చెబుతుంది.

సూర్యుడిలో జరిగేది ఇంతకంటే నెమ్మదైన వ్యవహారం. మొదటి మెట్టు ఇది:

ప్రోటాన్ + ప్రోటాన్ → డ్యుటీరియం + పాజిట్రాన్ + న్యూట్రినో

పై అంకెలు చూస్తే 1, 1 కలిసి 2 అయ్యాయి. పాజిట్రాన్‌కీ న్యూట్రినోకీ సున్నా. సరిపోయింది. కింది అంకెలు చూడకపోతే మాత్రం అసలు జరిగింది తెలియదు. ఎడమ పక్క రెండు ప్రోటాన్లు, డ్యుటీరియంలో ఒక్కటే ప్రోటాన్. అంటే ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారింది. దాని ధనావేశాన్ని పాజిట్రాన్ మోసుకుపోయింది. ద్రవ్యరాశి సంఖ్యకు ప్రోటాన్ అయినా న్యూట్రాన్ అయినా ఒకటే, అందుకే ఈ మార్పు దాని కంటపడదు. పాజిట్రాన్‌కి సున్నా వేశాం కదా అని దానికి బరువు లేదనుకోకండి. ప్రోటాన్‌లో దాదాపు 1,836వ వంతు ఉంది. ఇక్కడ సున్నా అంటే ప్రోటాన్, న్యూట్రాన్ల జాబితాలో లేదని మాత్రమే.

ఇలా మారడం చాలా అరుదు. సూర్యగర్భంలో ఒక ప్రోటాన్ సగటున వందల కోట్ల ఏళ్లు ఎదురుచూడాలి. తర్వాతి మెట్లు చకచకా నడుస్తాయి. డ్యుటీరియం మరో ప్రోటాన్‌ని కలుపుకుని హీలియం-3 అవుతుంది. రెండు హీలియం-3లు కలిసి ఒక హీలియం-4ను, రెండు ప్రోటాన్లను ఇస్తాయి. 3, 3 కలిస్తే 6. 4, 1, 1 కలిసినా 6. పరీక్షలో ఈ మూడు మెట్లనూ కూడేటప్పుడు పిల్లలు పొరబడేది ఒక్క చోటే. మూడో మెట్టుకు రెండు హీలియం-3లు కావాలి గనక మొదటి రెండు మెట్లూ రెండేసి సార్లు జరగాలి. ఆరు ప్రోటాన్లు లోపలికెళ్లి రెండు తిరిగొస్తాయి. నికరంగా నాలుగు హైడ్రోజన్లకు ఒక హీలియం.

తూచి చూద్దాం. నాలుగు హైడ్రోజన్ పరమాణువులు 4.031300, హీలియం 4.002602. తేడా 0.028698, అంటే 26.7 ఎంఈవీ. (ఇవి ఎలక్ట్రాన్లతో కలిపి తూచిన బరువులు. పాజిట్రాన్లు ఎలక్ట్రాన్లను ఢీకొని ఇచ్చే శక్తి కూడా ఇందులో చేరిపోయింది.) తరుగు నూటికి 0.7 వంతు. సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తుంటే 40 లక్షల టన్నులకు పైగా బరువు వెలుగుగా వెళ్లిపోతోంది.

ఈ 0.7 వంతు సంగతి న్యూట్రాన్ కంటే ముందే తెలిసింది! కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో కట్టిన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో పరమాణువుల బరువులు తీస్తూ పోయాడు. ఒక్కో ఐసోటోపు బరువు దాదాపు పూర్ణాంకానికి దగ్గరగా వచ్చింది. హైడ్రోజన్ మాత్రం ఆ వరసకు కాస్త ఎక్కువ తూగింది. నాలుగు హైడ్రోజన్లను కలిపితే ఒక హీలియం కంటే బరువు. 1920 ఆగస్టులో కార్డిఫ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో ఆర్థర్ ఎడింగ్టన్ దీన్ని అందుకుని, నక్షత్రాలు హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూ వెలుగుతున్నాయేమోనన్నాడు. అప్పటికి కేంద్రకంలో ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు ఉంటాయనుకునేవాళ్లు. జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టింది 1932లో. కేంద్రకం లోపలి అమరిక తప్పుగా ఊహించుకున్నా లెక్కా తూకమూ సరైనవి కావడంతో ఎడింగ్టన్ మాట నిలిచింది.

ఆ తర్వాత ఈ లెక్కే కొత్త కేంద్రకాలను పట్టిచ్చింది. 1934లో కేంబ్రిడ్జిలోనే రూథర్‌ఫర్డ్, ఒలిఫాంట్, హార్టెక్ కలిసి డ్యుటీరియం మీదికి డ్యుటీరియాన్నే విసిరారు. ప్రోటాన్లు వచ్చాయి, న్యూట్రాన్లూ వచ్చాయి. 2, 2 కలిస్తే 4. అందులో ఒకటి ప్రోటాన్‌గా పోతే మిగిలేది 3, ఆవేశం 1. న్యూట్రాన్‌గా పోతే మిగిలేది 3, ఆవేశం 2. అలా హైడ్రోజన్-3, హీలియం-3 అనే రెండు కొత్త పేర్లు జాబితాకెక్కాయి. అయితే ఆ రెండింట్లో ఏది నిలకడైనదో లెక్క చెప్పలేదు. హైడ్రోజన్-3యే నిలకడైనదని కొన్నాళ్లు అనుకున్నారు. 1939లో లూయిస్ అల్వారెజ్, రాబర్ట్ కార్నోగ్ పరీక్షించి చూస్తే విషయం తలకిందులైంది.

లెక్క సరిపోయినంత మాత్రాన కేంద్రకం నిలబడాలని లేదు. దీనికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం 5, 8 అనే రెండు అంకెలు. హీలియం-4కి ఒక ప్రోటాన్‌నో న్యూట్రాన్‌నో చేరిస్తే కాగితం మీద ద్రవ్యరాశి సంఖ్య 5 ఉన్న కేంద్రకం వస్తుంది. ప్రకృతిలో అది పుట్టీ పుట్టగానే విడిపోతుంది. మన మొదటి సమీకరణంలో కూడా డ్యుటీరియం, ట్రిటియం కలిసి లిప్తపాటు హీలియం-5 అయి, ఆగలేక 4గా, 1గా చీలిపోతాయి. రెండు హీలియం-4లు కలిస్తే 8 రావాలి. ఆ బెరీలియం-8 సెకనులో కోటి కోట్ల వంతు కూడా బతకదు. మహావిస్ఫోటనం తర్వాత మొదటి కొద్ది నిమిషాల్లో మొదలైన సంలీనం, హైడ్రోజన్, హీలియం, కాస్తంత లిథియం దాకా వచ్చి ఆగిపోవడానికి ఈ రెండు ఖాళీలే ముఖ్య కారణం.

నక్షత్రాలు ఈ గండాన్ని ఎలా దాటాయో 1952లో ఎడ్విన్ సాల్పీటర్ వివరించాడు. బెరీలియం-8 విడిపోయేలోగా మూడో హీలియం వచ్చి తగిలితే 8, 4 కలిసి కార్బన్-12 అవుతుంది. అది కూడా విశ్వంలో ఉన్నంత కార్బన్‌కు చాలదని ఫ్రెడ్ హాయిల్ గమనించాడు. కార్బన్-12 కేంద్రకానికి దాదాపు 7.65 ఎంఈవీ దగ్గర ఒక ప్రత్యేక శక్తి స్థాయి ఉండి తీరాలని 1953లో పట్టుబట్టాడు. కాల్‌టెక్ ప్రయోగశాలలో వెతికితే నిజంగానే దొరికింది. 12కి 12 సరిపోవడం ఎలాగూ తెలిసిందే. మన ఒంట్లో ఉన్న కార్బన్ మాత్రం ఆ సంఖ్యల్లో ఎక్కడా కనబడని శక్తి స్థాయి చలవ.

ఇదే సంగతిని 1954 మార్చి 1న అమెరికా మరోలా నేర్చుకుంది. ఆ రోజు బికినీ దీవుల్లో క్యాజిల్ బ్రావో అనే హైడ్రోజన్ బాంబును పేల్చారు. అందులో ఇంధనం లిథియం, డ్యుటీరియం కలిసిన ఘనపదార్థం. వాళ్లు నమ్ముకున్న చర్య ఇది: లిథియం-6కి న్యూట్రాన్ తగిలితే హీలియం-4, ట్రిటియం-3 వస్తాయి. 6, 1 కలిసి 7. 4, 3 కలిసినా 7. పుట్టిన ట్రిటియం డ్యుటీరియంతో కలిసి మండుతుంది. కానీ బాంబులోని లిథియంలో 40 శాతమే లిథియం-6. మిగతా అంతా లిథియం-7. అది పెద్దగా పాల్గొనదని అనుకున్నారు.

పాల్గొంది. వేగంగా వచ్చిన న్యూట్రాన్ తగిలినప్పుడు లిథియం-7 ముక్కలై హీలియం-4, ట్రిటియం-3, ఇంకో న్యూట్రాన్ ఇచ్చింది. 7, 1 కలిసి 8. 4, 3, 1 కలిసినా 8. దీనికి దాదాపు రెండున్నర ఎంఈవీ ఎదురు పెట్టుబడి కావాలి. 14.1 ఎంఈవీతో పరుగెత్తే న్యూట్రాన్‌కి అదొక లెక్క కాదు. అదనపు ట్రిటియం పుట్టింది, న్యూట్రాన్ కూడా మిగిలింది. 6 మెగాటన్నులు అనుకున్న పేలుడు 15 మెగాటన్నులైంది. రేడియోధార్మిక ధూళి చుట్టుపక్కల దీవుల ప్రజల మీదా, దైగో ఫుకుర్యు మారు అనే జపాన్ చేపల పడవ మీదా కురిసింది. ఆ పడవలో పనిచేసే ఒకాయన అదే ఏడాది చనిపోయాడు. ఆ సమీకరణం తుల్యమవుతుందని ఇంటర్ పిల్లకైనా తెలుస్తుంది. అది ఎంత తరచుగా జరుగుతుందన్నది కొలిచి చూసుకోవాల్సిన విషయం. ఫ్రాన్స్‌లో మన దేశం కూడా భాగస్వామిగా నిర్మిస్తున్న ఐటర్ రియాక్టర్‌లో, లిథియం నుంచి ట్రిటియం పుట్టించే పద్ధతులను పరీక్షించాలని అనుకుంటున్నారు. అప్పుడు ముంచిన లెక్క ఇప్పుడు అవసరానికి వస్తోంది.

ఇంతకీ ద్రవ్యరాశి సంఖ్య ఎందుకు మారదు? శాస్త్రవేత్తలు దీన్ని బేరియాన్ సంఖ్య నిత్యత్వమంటారు. ప్రోటాన్‌కీ న్యూట్రాన్‌కీ ఒక్కొక్కటి చొప్పున వేసే ఆ సంఖ్య ఇప్పటిదాకా చూసిన ఏ చర్యలోనూ తగ్గలేదు, పెరగలేదు. కానీ ఎప్పటికీ మారకూడదని చెప్పే లోతైన కారణమూ లేదు. బలాలన్నిటినీ ఒక్కటిగా చూపించాలని చేసిన కొన్ని సిద్ధాంతాలు, ప్రోటాన్ కూడా ఎప్పుడో ఒకప్పుడు విచ్ఛిన్నం కావాలంటాయి. 1980లలో మన కుప్పానికి దగ్గరలోని కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జపాన్ సహచరులతో కలిసి దీనికోసమే కాపలా కాశారు. అనుమానించదగ్గ ఘటనలు కొన్ని కనిపించాయి గానీ అవి రుజువు కాలేదు. జపాన్‌లోని సూపర్ కామియోకాండే 50 వేల టన్నుల నీళ్లను ఏళ్లతరబడి చూస్తూనే ఉంది. ఒక్క ప్రోటాన్ కూడా విరగలేదు. ప్రోటాన్ ఆయుష్షు 1 పక్కన 34 సున్నాలు వేసినన్ని ఏళ్లకంటే ఎక్కువని దాన్నిబట్టి తేలింది. అంతకంటే పెద్దదైన హైపర్ కామియోకాండే నిర్మాణంలో ఉంది.

వాళ్లు వెతుకుతున్న చర్యల్లో ఒకటి: ప్రోటాన్ → పాజిట్రాన్ + పయాన్. పయాన్ అనే ఈ కణానికి ఇక్కడ ఆవేశం లేదు గనక ఆవేశం సరిపోతుంది. శక్తి కూడా సరిపోతుంది. పై అంకెలు మాత్రం ఎడమ పక్క 1, కుడి పక్క 0. ఇవాళ పరీక్షలో ఇలా రాస్తే మాస్టారు అడ్డంగా కొట్టేస్తారు.